పెట్రోలు బంకు వెనుక బావి

మొన్న ఎల్బీనగర్‌లో ఆటో దిగి రోడ్డు దాటుతుంటే, కూలగొట్టిన ఒక పాత పెట్రోలు బంకు స్థలంలో పొక్లెయిన్ గుంత తవ్వుతోంది. ముందురోజు వానకు మట్టి తడిగా ఉంది. ఏళ్ల తరబడి నేలలో ఇంకి ముదిరిపోయిన పెట్రోలు వాసన ఆ తడిలోంచి గుప్పున లేచింది. పక్కవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. జంగయ్య సార్ ఉంటే ఈపాటికి గుంతలోకి దిగి, గుప్పెడు మట్టి తెచ్చి నా అరచేతిలో పెట్టేవారు.

ఎనభైల నడుమ ఆయన దగ్గరే నా మొదటి ఉద్యోగం. భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిల్ షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని, కొత్త కాలనీలకు బోరు ఎక్కడ వేయాలో చెప్పేవారు. అప్పట్లో ద్రాక్షతోటలు చూస్తుండగానే సున్నం గీతల ప్లాట్లయిపోతున్నాయి. గుడివాడ నుంచి వచ్చిన మా నాన్న కూడా అలాంటి ప్లాటే ఒకటి కొన్నారు. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశానన్న గర్వంతో నేను చేరితే, మొదటిరోజే సార్ నా ముందు ఒక హార్లిక్స్ సీసా పెట్టారు. అందులో సగానికి మట్టి. మూత బిగించి గంటసేపు ఎండలో ఉంచారు. తర్వాత మూత తీసి, "వాసన చూడు. మట్టిల ఏమున్నదో మీ మిషన్లు తర్వాత చెప్తయి, ముక్కు ముందే చెప్తది" అన్నారు.

ఆ ఏడాదే మా కాలనీ సొసైటీ విజయవాడ రోడ్డు పక్కన మూతబడిన పెట్రోలు బంకు కొన్నది. అక్కడ బడి కట్టాలని అందరి ఆశ. నేల బాగుందో లేదో చూసి కాగితం రాసివ్వమని సొసైటీ కార్యదర్శి సుబ్బారావుగారు సార్‌ను అడిగారు. ఆయన నాన్నకు స్నేహితుడు. నేను టేపు పట్టుకుని స్థలం కొలుస్తుంటే దగ్గరికొచ్చి, "అమ్మాయ్, మన నాలుగు గోడల మధ్య సంగతి రాస్తే చాలు. బయట బావుల గొడవ మనకెందుకు? జూన్‌కల్లా బడి తెరవాలి కదా" అన్నారు. గోడ వెనుక పల్లంలో ఒక పాత బావి ఉంది. నేను చూశాను. అయినా సరేనని తలూపాను.

మర్నాడు నేను గీసిన పటాన్ని సార్ చాలాసేపు చూశారు.

"వెనుక ఒక బావి ఉండాలె. ఏదమ్మా?"

"అది మన కాంపౌండు బయటుంది సార్."

"పెట్రోలు గేటు కాడ ఆగి వాచ్‌మన్‌ను అడుగుతదా?" అని లేచారు. "నడువ్, చూసొద్దాం."

ఆ బావి బాలమణిది. పాత ఊరివాళ్లలో మిగిలిన కొద్దిమందిలో ఒకతె. భర్త లేడు, గేదెలున్నాయి. బావిలో బకెట్ వేసి తోడి మా ముందు పెట్టింది. నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. "నా మరిది మల్లేశం చేసిండు సారూ. పొలం పంచుకున్నకాడి నుంచి నామీద కోపం. బావిల కిరసనాయిలు పోసిండు. నాలుగేండ్లాయె, మాటల్లేవు. వాని బిడ్డ పెండ్లికి గూడ పోలే" అంది. మంచినీళ్లు ఆమె దూరాన ఉన్న పంపు నుంచి మోసుకొస్తోంది.

తిరిగొస్తుంటే నేనుండలేక, ఆ బావిని ముందే చూశానని, సుబ్బారావుగారి మాట విని వదిలేశానని చెప్పేశాను. బస్టాపు దాకా నడిచాక సార్, "తెల్వక ఇడిసిపెడితే నేర్పేటోణ్ని. తెలిసి ఇడిసిపెట్టినవ్ సూడు, గదే జర బాధైతుంది" అన్నారు. ఆ తర్వాత నన్ను చాలామంది తిట్టారు. ఏ తిట్టూ అంత లోపలికి దిగలేదు.

పది రోజులు గుంతలు తవ్వించాం. భూమిలోని ట్యాంకు దగ్గర మొదలైన వాసన, పల్లం వైపు గుంత తర్వాత గుంతలో, బాలమణి బావి దాకా ఉంది. అనుమానం లేదు, తుప్పుపట్టిన ట్యాంకు ఏళ్లుగా కారుతోంది. సుబ్బారావుగారు ఆందోళనపడి, "ఆవిడకి చెప్పడం ఎందుకండీ? ఊరంతా గొడవవుతుంది" అన్నారు.

"తాగేటోళ్లకు చెప్పకుంట మీకు చెప్పి ఏం లాభం సార్?" అన్నారు జంగయ్య సార్. తర్వాత నా వైపు తిరిగి, "పో అమ్మా, నువ్వే చెప్పిరా" అన్నారు.

వెళ్లి చెప్పాను. "మీ మరిది ఏమీ పోయలేదండీ. ఆ బంకు ట్యాంకు కారి, నేలలోంచి మీ బావిలోకి వచ్చింది." బాలమణి నమ్మలేదు. సార్ ఉన్న గుంతల దగ్గరికే తీసుకెళ్లి, ఒక్కోదాంట్లో మట్టి తీసి వాసన చూపించాను. చివరి గుంత దగ్గర ఆమె కూలబడింది. "నాలుగేండ్లు... ఎన్నెన్ని మాటలంటిని వాణ్ని" అంది. కాసేపటికి లేచి, కొంగు సర్దుకుని, సందు దాటి మల్లేశం ఇంటికి వెళ్లింది. గుమ్మం ముందు నిలబడి ఏమందో మాకు వినపడలేదు. అతను లోపలికి వెళ్లి మంచం తెచ్చి వాల్చాడు. ఆమె కూర్చుంది. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

సొసైటీ సమావేశానికి వదినా మరుదులిద్దరూ కలిసే వచ్చారు. గట్టిగా వాదనలయ్యాయి. చివరికి ట్యాంకులు పెకలించి, చెడిన మట్టి తోడి పారబోయించారు. సార్ చెప్పినట్టే రెండు వానాకాలాలు నేలను తెరిచి ఉంచారు. ట్యాంకులున్న చోట గది కట్టకుండా వదిలి, పక్కనున్న ఎత్తు మీద బడి కట్టారు. బడి ఆలస్యమైందని నాన్న కూడా కొన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. ఆ సొసైటీ సార్‌ను మళ్లీ పిలవలేదు. "ఆయనొస్తే పని ఆగుద్ది" అన్న మాట పాకి, మిగతా కాలనీలూ మానేశాయి. ఆయన దిల్‌సుఖ్‌నగర్ గది ఖాళీచేసి, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి సొంతూరికి వెళ్లిపోయారు. నాకు ప్రభుత్వ ల్యాబులో ఉద్యోగం వచ్చింది.

ఒక వేసవిలో ఆయన్ను చూడ్డానికి వెళ్లాను. చిక్కిపోయారు. కుశలం అడిగాక, "బాలమణి బావి ఎట్లున్నది? నీళ్లు తాగుతున్నరా?" అన్నారు. నాకు తెలియదు. ఆ బావి వైపు వెళ్లి ఏడాది దాటింది. సిగ్గుపడి, "చూసొచ్చి చెప్తాను సార్" అన్నాను.

"వానలు పడినంక చూడు. అప్పుడు తెలుస్తది."

వానలు పడ్డాయి. ఇవాళ రేపు అనుకుంటూనే దసరా దాటించాను. చివరికి వెళ్లేసరికి బావి దగ్గర మల్లేశం కోడలు కడవ నింపుకుంటోంది. బాలమణి నాకు గ్లాసుతో నీళ్లిచ్చి, తాగేదాకా నా ముఖమే చూస్తూ నిలబడింది. ఏ వాసనా లేదు. సీసాలో పట్టుకెళ్లి ల్యాబులో చూస్తే, అక్కడా ఏమీ దొరకలేదు. ఆ ఫలితం కాగితం సంచిలో పెట్టుకుని ఆదివారం సార్ ఊరికి వెళ్లాను. తలుపు తీసిన ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్చింది. సార్ పోయి పది రోజులైంది.

కాగితం ఆమెకే చదివి వినిపించాను. అంతా విని, "జర ముందు రాకపోతివి బిడ్డా, మస్తు సంబరపడుతుండె" అంది.

ఆ తర్వాత సర్వీసంతా, రిపోర్టు ఇచ్చేసి ఊరుకున్నది లేదు. వానలు పడ్డాక, నేను పరీక్షించిన బావుల దగ్గరికి మళ్లీ వెళ్లేదాన్ని. నీళ్లు బాగున్నాయని తేలిన ప్రతిసారీ, ఆ కబురు పరుగున వెళ్లి చెప్పడానికి సార్ ఉంటే బాగుండుననిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది.