ఒక్కపొద్దు మీద ఇన్సులిన్

మదీనాగూడలో నేను వెళ్లే జిమ్ముకి మా పై ఫ్లాట్ ఆయన కూడా వచ్చేవాడు. కడప నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరైన మనిషి. రోజూ పొద్దున్నే ఇన్సులిన్ వేసుకోనిదే గడవదు. ఆ శనివారం ఒక్కపొద్దు ఉన్నాడు. సూది మాత్రం ఎప్పటిలాగే వేసుకుని, ఏమీ తినకుండా ట్రెడ్‌మిల్ ఎక్కాడు.

కాసేపటికి అతని చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది.

"ఏం గాదన్నా, కొవ్వు కరుగుతుంది, గంతే. జర ఓర్సుకో" అన్నాడు ట్రైనర్, ఫోన్లో వీడియో తీస్తూ.

ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపుతుంది. పరుగెత్తే కండరం తనంతట తానే మరింత లాక్కుంటుంది. ఖాళీ కడుపున ఈ రెండూ కలిస్తే మెదడుకు చక్కెర చాలదు. జిమ్ములో ఉన్న అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ అది తట్టలేదు.

నేనే మిషను ఆపి, అతణ్ణి కూర్చోబెట్టి, పళ్లరసం నోటికందించాను. పెదాలు బిగించాడు.

"వద్దు సార్... ఒక్కపొద్దు సెడిపోతాది."

"ఆ పాపమేదో నాకే రాయమను మీ దేవుణ్ణి. తాగవయ్యా ముందు!"

తాగాడు. తేరుకున్నాక నాతో అన్న మొదటి మాట ఇది: "వచ్చే శనివారం సూది మానేస్తాలే సార్. ఒక్కపొద్దు మాత్రం ఇడిసేది లేదు."

"డెడికేషనంటే గిట్లుండాలె!" అని ట్రైనర్ చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లూ కొట్టారు. సూది మానితే చక్కెర పెరిగిపోతుంది, అదీ చావు దగ్గరకే దారి. అసహ్యంతో నా ఒళ్లు కంపరమెత్తింది. వాళ్లతో వాదించకుండా, అక్కడే నిలబడి అతని భార్యకు ఫోన్ చేశాను.