వెళ్ళొస్తానన్న పాపానికి

అప్పట్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, బట్టీ పడితే లొంగని విద్య లోకంలో లేదని. (ఇంజనీరింగ్ అలాగే గట్టెక్కాను మరి.) ఆక్లండ్‌లో చదువుకుంటూ ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకి తీసుకున్నాను. ఎప్పుడో పెళ్లయి క్రొయేషియా నుంచి వచ్చినావిడ, అక్కడ బడిపంతులమ్మ. వయసు మీద పడేకొద్దీ ఇంగ్లీషు జారిపోయి సొంత భాషే మిగిలింది. నేను బామ్మ అనేవాణ్ణి. మాట్లాడే తోడు లేక నాకే పాఠాలు మొదలుపెట్టింది. పుస్తకాల్లో దాన్ని సెర్బో-క్రొయేషియన్ అంటారు, బామ్మ మాత్రం "మా భాష" అనేది.

ఆ భాషలో చాలా పనులకి రెండేసి క్రియలు. చేస్తూ ఉండటానికొకటి, చేసేసి చేతులు దులుపుకోవడానికొకటి. నాకు ఆ రెండో రకం మీదే మోజు. గిన్నెలు తోముతూ, వెళ్ళడానికి "ఒదెమ్, ఒదెష్, ఒదె" అనీ, రావడానికి "దొజెమ్, దొజెష్, దొజె" అనీ పదమూడో ఎక్కంలా అప్పజెప్పేవాణ్ణి. బామ్మ తల పట్టుకుని, "పాట బాగానే ఉంది. ఇంతకీ ఎవరొస్తున్నారు?" అనేది. శనివారాలు నేను మాంసం ముట్టనని ఆకుకూర, బంగాళాదుంపలు ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి పెట్టేది. ఆ ప్లేటు ముందు కూర్చుంటే ఇంటి మీద బెంగ కాస్త తగ్గేది.

చదువయ్యాక ఎక్కడో దూరంగా, వెల్లింగ్టన్ దగ్గర జాన్సన్‌విల్‌లో ఉద్యోగం దొరికింది. ఆ శనివారం పొద్దున పెట్టెతో గేటు దగ్గర నిలబడ్డాను. వెళ్తున్నానని ఎలా అంటాం? మా ఇంట్లో అలా అంటే చెంప పగిలేది. నాకొచ్చిన రెండు క్రియలూ కలిపి "ఒదెమ్ ఇ దొజెమ్" అన్నాను. వెళ్ళొస్తానని. బామ్మ మొహం వెలిగిపోయింది. నా వాక్యం విని మురిసిపోయిందనుకున్నాను, వెర్రివాణ్ణి.

సాయంత్రం వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మ నీ ప్లేటు పెట్టుకుని కూర్చుంది. సామాను దింపి వచ్చేస్తానన్నావట."

"మాలో వెళ్ళేటప్పుడు అలాగే అంటారండి."

"ఆ సంగతి నువ్వే చెప్పు, మేట్," అని ఆవిడకి ఫోనిచ్చాడు.

"నేర్పింది నేనే కదా," అంది బామ్మ. "ఆ మాటన్నావంటే వచ్చేసినట్టే. దుంపలు చల్లారిపోతున్నాయి."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని బట్టీ పట్టానా, ఆవిడకి చెప్పడానికి ఒక్క ముక్క రాలేదు.

నాలుగు నెలలకి సెలవు దొరకగానే, ఒక శనివారం వెళ్ళి తలుపు కొట్టాను. బామ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆలస్యం చేశావు, కూర్చో," అని ఆకుకూరా దుంపలూ వడ్డించింది.

ఇప్పుడు బామ్మ లేదు. ఆ ఇంట్లో ఎవరో ఉంటున్నారు. ఆలస్యం చేశావని ఆవిడ మళ్ళీ కేకలేస్తే వినాలని ఎంత ఉంటుందో. పాలకి వీధి చివరి డెయిరీ కొట్టుకి బయల్దేరుతూ "వెళ్ళొస్తానమ్మా" అంటే మా అమ్మాయి "ఇట్స్ జస్ట్ మిల్క్, డాడ్" అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. పాలు కొనుక్కుని మాత్రం, దారిలో ఎవరు పలకరించినా ఆగకుండా, తిన్నగా ఇంటికొచ్చేస్తాను.