మెట్లగోడకు బెల్లం

పుంగనూరులో డచ్చివాళ్లు ఏనాడూ అడుగు పెట్టలేదు. అయినా మా క్రైస్తవుల గుడి మాత్రం డచ్చి గుడే. కట్టించిన దొర అమెరికా నుంచి వచ్చినవాడు, ఆయన ముత్తాతలు హాలండువాళ్లు. వాళ్ల ఊళ్లలోలాగే వాకిలి ఉన్న ముందుగోడను రెండు పక్కలా మెట్లు మెట్లుగా పైకి లేపించాడట. లోపల బొమ్మలు, రంగుటద్దాలు ఏమీ లేవు. నడిమధ్యన ఎత్తయిన ప్రసంగపీఠం ఒక్కటే. పనితనం మాత్రం మా తాతది. అమ్మ చిన్నప్పుడు ఆయనకు గార మోస్తూ పూతపని నేర్చుకుంది.

యుద్ధకాలంలో ఆ మెట్లగోడ బీటలిచ్చింది. అప్పటికి నేను బడిపంతుల్ని, సంఘపెద్దల్లో అందరికన్నా చిన్నవాణ్ణి. అన్నీ తెలిసినవాడిలా, దొరకని సిమెంటును మదనపల్లెలో నానా తిప్పలుపడి సంపాదించి బీటల మీద కొట్టించాను. వానలకు అది పెచ్చులూడి, పాత గారనూ లాక్కుపోయింది. గోడలోకి నీళ్లు దిగాయి. మళ్లీ వానలొచ్చేలోగా బాగుపడకపోతే గోడను పడగొట్టి దాని చోట రేకులు వేద్దామని పెద్దలు తీర్మానించారు.

అమ్మ ఊరుకోలేదు. నేరుగా పెద్దల దగ్గరికే పోయింది.

"యాల పడగొట్టేది? గోడ బాగానే ఉండాది. పైపూత సెడింది, అంతే. నేను పూస్తా."

గానుగలో సున్నం, ఇసుక రుబ్బించింది. పూత గట్టిపడాలంటే అందులో కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలపాలి. కరక్కాయలు కుప్పం అడవి వైపు నుంచి తెప్పించాం. బెల్లానికే కరువు. మా ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు గుడికని ఒక పిడికెడు తీసిపెడతారు. "ఈ నెల బియ్యం వద్దమ్మా, బెల్లంముక్క తీసిపెట్టండి," అని అమ్మ ఇల్లిల్లూ తిరిగింది. కాఫీలో తీపి మానుకుని మరీ ఇచ్చారు.

యాభై దాటిన మనిషి పరంజా ఎక్కి పూసింది. నున్నటి గులకరాయితో రుద్దింది. తడి ఆరకుండా గోనెపట్టలు కప్పింది. కింద నిలబడిన పెద్దలకు మెడనొప్పులే మిగిలాయి.

వానలు ఆదివారంనాడే పట్టుకున్నాయి. పాస్టరయ్యగారి ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కలేదు, అందరూ వెనక్కి తిరిగి గోడనే చూశారు. చుక్క నీరు దిగలేదు.

ఇంటికొస్తూ, "సిమెంటు కొట్టించడం నా తప్పేనమ్మా," అన్నాను.

"సిమెంటు సంగతి పోనీ నాయనా," అంది. "గారపని తెలిసిన మనిషి ఇంట్లోనే ఉండాది. దినామూ నీకు సంగటి పెడతానే ఉండా. ఒక్క మాటైనా నన్ను అడగలేదే."