కొట్టేసిన ప్రశ్న

డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్లుగా ప్రాజెక్టులు చేయిస్తున్న ఆ లెక్చరరుకు పిల్లలు పెట్టిన పేరు ‘ఫార్మాట్ మేడం’. మార్జిన్ వెంట్రుకవాసి తగ్గినా ఇట్టే పట్టేస్తుంది.

ఒకసారి చివరి సంవత్సరం అమ్మాయి ఒక్క వాక్యం రాసుకొచ్చింది: ‘మా అమ్మ పనిచేసే బట్టల మిల్లులో ఆడవాళ్లు ఎందుకంత గట్టిగా మాట్లాడతారు?’

“ఇవి కబుర్లమ్మా, పరిశోధన కాదు,” అని మేడం ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘విద్యార్థులు - సెల్‌ఫోన్ వాడకం’ అని రాసిచ్చింది. క్లాసంతా గొల్లున నవ్వింది. అమ్మాయి కాగితం మడుచుకుని వెళ్లి కూర్చుంది.

రెండు నెలలకు తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఆ అమ్మాయి తల్లి మిల్లు యూనిఫాంలోనే వచ్చింది.

“మీ పాప బాగా చదువుతుందండీ,” అంది మేడం.

“ఆఁ, బస్సులోనే వచ్చానండీ!” హాలంతా వినపడేలా చెప్పిందావిడ.

ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు తల్లి చెవి దగ్గరికి వంగి మళ్లీ చెప్పింది. ఆవిడకు నిండా నలభై ఐదేళ్లు లేవు.

ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఆ వాక్యం మేడం కళ్లముందు మెదిలింది. ఇంటికెళ్లాక కూడా అదే ఆలోచన. ఇన్నేళ్లలో ఇలా ఎన్ని ప్రశ్నలు కొట్టేసిందో! గుర్తు చేసుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. అది మరీ సిగ్గనిపించింది.

మర్నాడు అమ్మాయిని స్టాఫ్‌రూముకు పిలిచింది.

“నీ ప్రశ్న కొట్టేసి తప్పు చేశానమ్మా.”

“పోన్లెండి మేడం. సెల్‌ఫోన్లది సగం రాసేశాను.”

“దాన్ని పక్కన పెట్టు. మిల్లులో అందరూ గట్టిగానే మాట్లాడతారా?”

“కొత్తగా చేరినవాళ్లు మామూలుగానే మాట్లాడతారు మేడం.”

“అదిగో, దొరికింది.”

ఇద్దరూ కూర్చుని ప్రశ్నను చెక్కారు: మగ్గాల మోతలో ఎన్నేళ్లు పనిచేస్తే వినికిడి తగ్గుతోంది? మగ్గాల మీద ముప్పైమంది, పోలికకు మోత లేని ప్యాకింగ్‌లో ముప్పైమంది. ఇష్టపడినవాళ్లకే పరీక్ష, ఎవరి పేరూ రాయకూడదు. మేడం అడిగితే ఒక చెవి డాక్టరు వినికిడి పరీక్షించే మిషనుతో పాటు మనిషిని కూడా పంపాడు.

మగ్గాల మీద పదేళ్లు దాటినవాళ్లలో సగానికి పైగా వినికిడి దెబ్బతిందని తేలింది. మిల్లువాళ్లు గునిసి గునిసి చెవులకు పెట్టుకునే బిరడాలు ఇచ్చారు. కొత్తవాళ్లకు అవి మేలే. తల్లికి పోయింది మాత్రం తిరిగి రాదన్నాడు డాక్టరు.

నివేదిక మొదటి పేజీలో మేడం తన చేత్తో రాసింది: ‘ఈ ప్రశ్నను మొదట నేనే కొట్టేశాను.’

“అది తీసేయండి మేడం, మిమ్మల్ని ఏమన్నా అనుకుంటారు,” అంది అమ్మాయి.

“అనుకోనీయమ్మా,” అని మేడం ఆ పేజీని అలాగే బైండింగుకు పంపింది.