గడియారాల ముసలాయన

ఆ వీధిలో కొత్త సినిమా వస్తే ఎవరూ పేపరు చూసేవారు కాదు, బాబాయ్ సెలూనుకి వచ్చేవారు. గడ్డం గీయించుకోవడం ఒక వంక. బాబాయ్ వచ్చినవాడి ముఖానికి నురగ పూసి, కత్తి అందుకుని, అద్దంలో కనబడే ముఖంతో తీర్పు చెప్పేవాడు. "మొదటి సగం పరవాలేదు. రెండో సగంలో హీరోకి పనీపాటా లేదు, డైరెక్టరుకి అంతకన్నా లేదు." గొంతు దగ్గర కత్తి ఉన్నవాడు కాదనలేడు కదా, కళ్లతోనే ఒప్పుకునేవాడు.

అసలు సంగతి ఆయన భార్యకి తప్ప మరొకరికి తెలియదు. బాబాయ్ తన జన్మలో ఒక్క సినిమా పూర్తిగా చూసి ఎరగడు. పొద్దుటినుంచీ నిలబడి పనిచేసే కాళ్లాయె. సెలవురోజున మెత్తటి కుర్చీ, చల్లగాలి, చీకటి ఒక్కచోట దొరికేసరికి, తెరమీద పేర్లు పడటం పూర్తికాకుండానే గుర్రు మొదలయ్యేది. పిన్ని మోచేత్తో పొడిచేది. అదైనా గుర్రు తగ్గించడానికే, లేపడానికి కాదు.

ఆట వదిలాక ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవారు. దారిపొడుగునా ఆమె కథ చెప్పేది, కథతోబాటే మంచీచెడూ చెప్పేది. ఇంట్లో మిషను మీద బడిపిల్లల బట్టలు కుట్టే మనిషి కాబట్టి సినిమానీ అలాగే తిరగేసి చూసేది. "పైన మెరుపులే గానీ లోపల కుట్టు లేదండీ, ఒక్క ఉతుక్కి విడిపోతుంది" అనేది. కథలో ఎక్కడైనా చినుగు కనబడితే తనే ఓ మాసిక వేసేసేది కూడా. మర్నాడు అవే మాటలు షాపులో బాబాయ్ నోట పలికేవి. ఎవరైనా "ఆ సీను నాకు కనబడలేదే" అంటే, "నిద్రపోయి ఉంటావులే" అనేసేవాడు. ఎవరు ఎవర్ని అంటున్నారో చూడండి.

పిన్ని పోయింది. కడుపులో గడ్డ. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే చెయ్యి దాటిపోయింది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు అడిగితే బాబాయ్ ఆమె వైపు తిరిగాడు. ఎందుకు చెప్పలేదే అని ఆమెనే అడిగాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది, అంతే. తనకి ఒక్క ముక్కయినా చెప్పకుండా పోయిందన్న కోపం ఆయనలో అలాగే ఉండిపోయింది. దుఃఖాన్నయినా దిగమింగవచ్చు గానీ, పోయినవాళ్ల మీద కోపం ఎక్కడ దించుకుంటారు?

షాపు మళ్లీ తెరిచాడు గానీ తీర్పులు ఆగిపోయాయి. ఎవరడిగినా "చూడలేదు నాయనా" అనేవాడు.

నిజానికి చూస్తూనే ఉన్నాడు. సెలవురోజున మూతవేసిన కుట్టుమిషనుకి ఎదురుగా కూర్చోలేక హాలుకి పోయేవాడు. విచిత్రమేమంటే ఇప్పుడు నిద్ర రాదు. అలా మెలకువతో ఒక పోలీసు సినిమా చూశాడు. హీరో ఊరంతటినీ ఒంటిచేత్తో చితగ్గొట్టినా క్రాపు చెదరలేదు. ఇన్నేళ్లుగా క్రాపులు దువ్వుతున్న మనిషికి అది మింగుడుపడలేదు. తర్వాత దెయ్యం సినిమా. చనిపోయిన భార్య తిరిగొస్తే మొగుడు కేకలు పెడుతూ పరిగెత్తాడు. హాలంతా హడలిపోయింది, బాబాయ్‌కి మాత్రం ఒళ్లు మండింది. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎలా ఉన్నావని అడగాలి గానీ పారిపోతాడేం? ఇంకో దాంట్లో భార్య పోయినవాడు ఒక్క పాటలో గడ్డం పెంచి, పాట అయ్యేలోపే గీసుకుని, ఎవరినో చూసి నవ్వాడు. అంత తొందరగా గడ్డం కూడా పెరగదు.

అన్నీ షాపులో చెప్పదగ్గ మాటలే. కానీ అవి ముందు ఆమెతో అనాలి, ఆమె ఔననాలి. ఆమె ఔననని మాట ఆయనకి మాటలా లేదు.

ఇద్దరూ కలిసి వెళ్లిన ఆఖరి సినిమా ఒకటుంది, ఓడరేవులో దొంగరవాణా గురించి. మామూలుగానే ఆయన నిద్రపోయాడు, మామూలుగానే ఆమె దారిలో కథ చెప్పింది. కాకపోతే ఆ రోజు దొంగల్ని తొందరగా వదిలేసి, హీరో పక్కింట్లో ఉండే ముసలి జంట మీద నిలబడిపోయింది. ముసలాయన కళ్లద్దాలు పెట్టుకుని గడియారాలు బాగుచేస్తాడట. ఆవిడ కడుపులో ఏదో గడ్డ ఉందట. తెలిసీ మొగుడికి చెప్పదట.

"ఎందుకు చెప్పదు?" అన్నాడు బాబాయ్.

"చెప్తే కొట్టు మూసేసి తలగడ దగ్గరే కూర్చుంటాడు కదండీ. ఆ మనిషికి కొట్టు తప్ప ఇంకేముంది?"

"ఇంట్లో ఆడమనిషి చిక్కిపోతుంటే కనిపెట్టలేనివాడు మొగుడేంటే? ఆ కళ్లద్దాలు గడియారాలకేనా?"

ఆమె నవ్వింది. తర్వాత ఏమైందని అడిగితే, ఆయాసంగా ఉంది, రేపు చెప్తానంది. ఆ రేపు రాలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. కళ్లద్దాల మాట మాత్రం షాపులో పదిమందికి చెప్పి నవ్వించాడు.

ఆ సినిమా మళ్లీ పాత హాల్లో వేశారని తెలిసి వెళ్లాడు. ముసలి జంట ఏమైందో తెలుసుకోవాలి. ఆమె చెప్పకుండా వదిలేసిన ముక్క అదొక్కటే. దొంగలొచ్చారు, ఓడలొచ్చాయి, పాటలొచ్చాయి. ఇంటర్వెల్ అయింది. రెండో సగంలో వస్తారేమోనని కన్నార్పకుండా చూశాడు. హీరోకి అసలు పక్కిల్లే లేదు. లైట్లు వెలిగాయి.

గేటు దగ్గర టికెట్లు చింపే మనిషిని అడిగాడు. "గడియారాలు బాగుచేసే ముసలాయన సీన్లు కోసేశారా?"

"ముసలాయనెవరండీ? విడుదలైన రోజునుంచీ చూస్తున్నాను, అలాంటివాళ్లు ఈ సినిమాలో లేరు."

బాబాయ్ హాలు మెట్లమీద కూర్చుండిపోయాడు. ఆ రోజుల్లో పిన్ని మిషను దగ్గర వదులైపోయిన తన బట్టలే తను బిగించి కుట్టుకుంటుండేది. పక్కనుంచే వెళ్తూ, ఎవరివో ఆర్డరు బట్టలనుకున్నాడు. దీపం కిందే చీకటంటారు, తన సంగతి అంతకన్నా అధ్వాన్నం. ఆమె చెప్పింది. తనకి అలవాటైన పద్ధతిలో, ఆ దారిలోనే, నడుస్తూ చెప్పింది. తను తీర్పు కూడా ఇచ్చాడు. ఆ నవ్వు తలుచుకుని పెద్దమనిషి నలుగురూ చూస్తుండగా ఏడ్చాడు. ఎవరిమీద కోపం పెట్టుకుని తిరిగాడో ఆ మనిషి తప్పేమీ లేదు.

కొన్నాళ్లకి బస్సు కండక్టరొకడు గడ్డానికొచ్చాడు. పాత గిరాకీ, వెనకటి తీర్పులన్నీ నోటికొచ్చినవాడు.

"బాబాయ్, ఆ ఓడరేవు సినిమా మళ్లీ వేస్తే చూశాను. నువ్వు చెప్పిన ముసలాయన రానేలేదు. నిద్రపోయావంటావేమో, రెప్ప కూడా వాల్చలేదు నేను."

బాబాయ్ అతని చెంప మీద నురగ పూస్తున్నవాడు ఆగిపోయాడు.

"మొగుడికి చెప్పకుండా దాచిన ఆవిడ కూడా ఎక్కడా లేదు" అన్నాడు కండక్టరు.

బాబాయ్ బ్రష్షు పక్కన పెట్టి, అద్దంలోకి కాకుండా, అతని ముఖంలోకే చూశాడు.

"దాచలేదు నాయనా, ఆవిడ చెప్పింది. నేనే నిద్రపోయాను."