ఏడు చీరల ముడి

మా గంగులప్ప కష్టపడి సంపాదించుకున్న మొదటి పేరు పుంగనూరు దగ్గరి భారతం ఉత్సవాల వీధినాటకంలో, ద్రౌపది వేషానికి. అంతకు ముందు ఏడాది అదే చోట దుశ్శాసనుడు లాగగానే చీరలన్నీ ఒక్కసారిగా జారి, నిక్కరుతో నిలబడిపోయాడు. జనం ఈలలేశారు. మరుసటి ఏడు వాడికి చీరలు చుట్టింది కొత్త పెళ్లాం మునెమ్మ. ఏడు చీరలు, ఒకదాని కొంగుకు ఇంకొకదాని అంచు కలిపి ముడి. ఎంత లాగినా ఒకదాని వెంట ఒకటి ఊడివస్తాయి, ఏడోది మాత్రం కదలదు. ఆ ముడి ఎట్లా వేస్తుందో ఎవరికీ చూపించదు. ఆ సంవత్సరం ఆడవాళ్లు వాడి ముందు కర్పూరం వెలిగించి దండం పెట్టారు.

తరువాత నిమ్మనపల్లెలో వెండి కడియం, వి.కోటలో శాలువా, కుప్పంలో వరుసగా పదకొండేళ్లు అదే వేషం. మేనల్లుడని చెప్పడం కాదు, నేను నేర్పిన పద్యంలో వాడు ఒక్క అక్షరం తప్పింది లేదు.

పోయిన ఏడాది సినిమావాళ్లు వచ్చి, వీధినాటకంలో ద్రౌపది వేషం కట్టేవాడి పాత్రకు వాడిని తీసుకుపోయారు. సినిమా బాగా ఆడింది. టీ అంగట్లో, ఫోన్లలో ఎక్కడ చూసినా వాడే. మదనపల్లెలో సన్మానం పెట్టారు. నేనూ మునెమ్మా ముందు వరుసలో కూర్చున్నాం.

"చీరకట్టు అంత బాగా కుదిరిందే, ఎవరు కట్టారు సార్?" అని యాంకరమ్మ అడిగింది.

"మా కాస్ట్యూమ్స్ జాహ్నవి మేడమ్. ఆయమ్మ చేతిలో మాయ ఉండాది," అన్నాడు వాడు.

చప్పట్లు మోగాయి. మునెమ్మ లేచింది.

"యాడికమ్మా?" అన్నాను.

"మాయ సూసింది సాలు మామా."

చీరల పెట్టె తీసుకుని రామకుప్పంలో తల్లి సిద్ధమ్మ ఇంటికి పోయింది. మొగుడి ఫోను ఎత్తడం మానేసింది. ఆ జాహ్నవి నోట్లో పిన్నులు పెట్టుకుని వాడి కుచ్చిళ్లు సర్దుతున్న షూటింగు ఫొటోను మాత్రం రోజూ ఫోన్లో తీసి చూసేదట.

ఈ ఏడు కుప్పం భారతానికి వాడు ఒప్పుకున్నాడు. నేను రామకుప్పం పోయి, నా ఫోనులో స్పీకరు పెట్టి ఇద్దరినీ మాట్లాడించాను.

"మునెమ్మా, సినిమాలో సీరలు లాగేది కంప్యూటర్‌తో సేసినారు. కుప్పంలో జనం ముందర లాగుతారు గదా. ఆ ముడి ఎట్లనో సెప్పు, జాహ్నవి రాసుకుంటాది. ఆమెను కారులో పిల్సుకొస్తా."

సిద్ధమ్మ నెత్తి కొట్టుకుంది.

"రాసుకోమను," అంది మునెమ్మ. "ఏడోది గూడా ఊడిపోతే ఆమే వొచ్చి కప్పుతాదిలే నీకు!"

"యాల అంత కోపం?"

"కోపం కాదప్పా, కడుపుమంట. పదమూడేండ్లుగా నీ నడుము నా మూరకు తెలుసు. ఇప్పుడు ఇంకొకతె టేపు పెట్టి కొలిసింది. అదీ నా మంట."

"ఆమె రాదులే. నేనే వస్తా," అన్నాడు వాడు.

"ఒగడే దిగితే సుడతా. ఎనకాల ఇంకెవురన్నా దిగినారా, పెట్టె తెరిసేదే లేదు."

షూటింగు ఆపించుకుని రైల్లో ఒక్కడే వస్తున్నాడట. మునెమ్మ ఇంకా నమ్మలేదు, పెట్టె తాళం తీయలేదు. వాడు కుప్పంలో దిగేది మే పద్నాలుగు, బుధవారం.