జగ్గయ్య గురక ఎక్కడిది?

కాయకష్టం చేసేవాడికి హాయిగా నిద్ర పడుతుందని రాసేవాళ్ళు జగ్గయ్య పక్కింట్లో ఎప్పుడూ అద్దెకు లేరు. ఉన్నవాళ్ళు మాత్రం, గురకకన్నా గురక ఆగినప్పుడే తమకు భయమని చెప్పేవారు. కాసేపు ఊపిరే వినిపించదు. తర్వాత నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు గాలిని ఒక్క గుక్కలో పీల్చి మళ్ళీ మొదలుపెడతాడు.

జగ్గయ్య విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎల్లారావు బోటుకి డ్రైవర్. నలభై దాటాడు, సన్నటి మనిషి. చాలా ఏళ్ళు కళాసీగా వల లాగి స్టీరింగ్ దగ్గరికి చేరాడు. అక్కణ్ణుంచి దిగితే మళ్ళీ వల దగ్గరికే.

పోయిన ఏడాది, సముద్రంలో చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ముగిసిన రోజు బోట్లన్నీ ఒక్కసారే బయల్దేరాయి. రెండు నెలలు ఇంట్లో పడుకుని వచ్చిన జగ్గయ్య స్టీరింగ్ పట్టుకునే కునుకు తీశాడు. పక్క బోటు వాళ్ళు అరిచారు, కళాసీ అబ్బులు చక్రం తిప్పాడు. రెండు బోట్లకూ వేలాడే పాత టైర్లు నలిగాయి, అంతే. ఒడ్డుకొచ్చాక ఎల్లారావు గట్టిగా మాట్లాడలేదు.

“ఇంకోపాలి తూగినావంటే స్టీరింగు దిగిపోవాల. సెప్పేత్తన్నాను, జగ్గయ్యా.”

బోటువాళ్ళు విచారణకు కూర్చున్నారు. బయల్దేరిన కొత్తలో తూగుతాడు, నాలుగు రోజులు పోతే చురుగ్గా ఉంటాడు, ఇంటికెళ్ళి వస్తే మళ్ళీ తూగుతాడు. ఇది వాళ్ళందరూ కళ్ళతో చూసినదే. దాన్నుంచి వాళ్ళు తీసిన తీర్పు, తప్పు ఇంటిదని. ఇంట్లో ఉన్నది భార్య ఈశ్వరి.

“సముద్రంలో పిల్లిలాగ తొంగుంటావు బావా,” అన్నాడు అబ్బులు. “ఇంటికెల్తే ఇంజను పెడతావు. ఈశ్వరక్క నిన్నేటి సేత్తందో మరి.”

పగలబడి నవ్వారు. ఆ నవ్వు చేపల మార్కెట్లో గంప ముందు కూర్చున్న ఈశ్వరి దాకా వెళ్ళింది. ఆమెకు వేరే అనుమానం ఉంది: ఒడ్డుకొస్తే మందు తాగుతాడు, అదే కారణమని. మాన్పించింది. గురక కొంత తగ్గింది గానీ పోలేదు. ఆర్‌ఎంపీ ముక్కులో చుక్కలు వేశాడు. ముక్కు శుభ్రపడింది, అంతకుమించి ఏమీ జరగలేదు. ఎవరో చెబితే మంచం దిక్కు మార్చారు. దిక్కుకు గురకతో పనేమిటని ఎవరూ అడగలేదు.

చివరికి జగ్గయ్య బోటువాళ్ళ మాటే నమ్మాడు. ఒడ్డున ఉన్న రోజుల్లో కూడా కాపలా కళాసీలతో కలిసి బోటు క్యాబిన్లోనే పడుకోవడం మొదలుపెట్టాడు. తూగు తగ్గింది. ఏడాదంతా స్టీరింగ్ దగ్గర కన్ను వాలలేదు. బోటువాళ్ళు గెలిచారు. మొగుడు వదిలేశాడట అన్న మాట మాత్రం ఈశ్వరి మోసింది.

ఈ ఏడాది మళ్ళీ నిషేధం వచ్చింది. కళాసీలు ఊళ్ళకు పోయారు. కట్టేసిన బోటులో జగ్గయ్య ఒక్కడే మిగిలాడు. డెక్కు మీద వలలు పరుచుకుని, కాళ్ళూ చేతులూ చాపి, వెల్లకిలా పడుకున్నాడు. అదే గాలి, అదే బోటు. అయినా పగలు వల కుడుతూ కుడుతూ చేతిలో సూదితోనే నిద్రపోయాడు. అన్నం తెచ్చిన ఈశ్వరి చూసింది.

“ఇప్పుడు నాను లేను కదా బోటుమీద,” అంది. “మరి ఇదేటి మావా?”

జగ్గయ్య సూదిని వలకు గుచ్చి లేచాడు. ఆమె వెంట ద్వారకా నగర్‌లో ఒక ఆస్పత్రికి వెళ్ళాడు.

చెవి ముక్కు గొంతు డాక్టర్ మధులత నోరు తెరిపించి చూసి, గొంతు బాగానే ఉందన్నారు. జగ్గయ్య సంతోషించాడు. అది మెలకువలో సంగతి, నిద్రలో వేరు, అన్నారామె. ముందు ఒంటికి వైర్లు తగిలించి నిద్రను పరీక్షించారు. తర్వాత మత్తిచ్చి, ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి, తీసిన వీడియో ఇద్దరికీ చూపించారు. వెల్లకిలా ఉన్నప్పుడు నాలుక మొదలు వెనక్కి జారి గాలి దారిని మూసేస్తోంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, గాలి మాత్రం వెళ్ళడం లేదు. పక్కకు తిప్పగానే దారి సగం తెరుచుకుంది.

“బోటులో ఎలా పడుకుంటారు మీరు?” అన్నారు డాక్టర్.

“ఒకడి ఈపుకి ఒకడు ఆనుకుని, పక్కకే. ఎల్లకిలా తొంగోడానికి సోటేది మేడమ్?”

తప్పు ఇంటిదా సముద్రానిదా అన్న ప్రశ్న అక్కడితో కొట్టుకుపోయింది. జగ్గయ్యకు అసలు గందరగోళం ఆ తర్వాతే మొదలైంది. కింది దవడ కొంచెం వెనక్కి ఉండడంతో నాలుకకు చోటు చాలడం లేదు. నాలుక మొదట్లో టాన్సిల్ లాంటి కండ పెరిగి ఉంది. నాలుకను ముందుకు పట్టి ఉంచే కండరం నిద్రలో సడలుతుంది, మందు తాగితే ఇంకా సడలుతుంది. కొందరిలో నాలుకలోనే కొవ్వు పేరుకుంటుంది, కొందరిలో గొంతులోని మూతే వెనక్కి వాలుతుంది. ఇతనికి ఆ రెండూ లేవు.

“ఇందులో ఏది మేడమ్?”

“మిగతావన్నీ కొంచెం కొంచెం, జగ్గయ్య గారూ. దేని వాటా ఎంతో కొలిచి చెప్పలేను.”

ఇంజన్ ఆగితే డీజిల్ చూస్తాడు, ఫిల్టర్ చూస్తాడు, ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక్కడ దేన్ని పట్టుకోవాలి? అందరూ ఈశ్వరిని పట్టుకోవడం కూడా అందుకే. దొరికిన ఒక్క మనిషి మీద తప్పు వేస్తే ఆలోచించే పని తప్పుతుంది.

పక్కకు పడుకున్నా ఊపిరి ఆగడం పూర్తిగా పోలేదని పరీక్షలో తేలింది. ముఖానికి మాస్కు తగిలించి గాలి నెట్టే మిషన్ కొన్నాళ్ళు వాడి చూడాలని, తను చెప్పేదాకా స్టీరింగ్ ముట్టవద్దని డాక్టర్ అన్నారు.

నిషేధం ముగిసింది. బోట్లకు ఐసు ఎక్కిస్తున్నారు. జగ్గయ్య నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, స్టీరింగ్ దగ్గర ఏడాదిగా తూగలేదు కూడా. హార్బర్‌కు వెళ్ళి ఎల్లారావుతో ఈ ట్రిప్పుకి అబ్బుల్ని పెట్టమన్నాడు. ఇంటిగొడవ ఇంకా తెగలేదా అన్నాడు ఎల్లారావు. జగ్గయ్య నాలుక గురించి మొదలుపెట్టి, దవడలోకి పోయి, కండరం దగ్గర దారి తప్పాడు.

“నాలిక అందరికీ ఉంది కద బావా,” అన్నాడు అబ్బులు. “మాకు మూసుకోదేటి మరి?”

జగ్గయ్య బోటు తాడు కట్టిన చోటికి నడిచాడు.

“నాకూ తెలీదురా. ఈశ్వరి వల్ల మాత్రం కాదు. అది రాసిపెట్టుకో.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అబ్బులు స్టీరింగ్ దగ్గరికి వెళ్ళాడు. జగ్గయ్య జెట్టీ మీద వంగి, బోటు తాడు విప్పి లోపలికి విసిరాడు.